లిస్టులో లేకపోతే మంచిదేనా?

పాఠకుల ప్రశ్నలు – రిటైర్డ్ డ్రగ్ ఇన్‌స్పెక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొత్తరకం మత్తుమందుల గురించే ఉన్నాయి. నేను డాక్టర్ని కాను. ఫార్మసీ చదివి, ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి, ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. మందుల చట్టం, మందు లోపలికి వెళ్లి చేసే పని, ఈ రెండూ నాకు తెలుసు. తెలిసినంతవరకే చెబుతాను. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: సార్, మా అబ్బాయి బెంగళూరులో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. దసరాకు వచ్చినప్పుడు వాడి బ్యాగు ఉతుకుదామని తీస్తే చిన్న జిప్ కవరులో తెల్లటి పలుకులు కనిపించాయి. అడిగితే ‘ఇది గంజాయి కాదు, డ్రగ్స్ కాదు, గవర్నమెంటు లిస్టులో లేని కెమికల్, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది’ అన్నాడు. కవరు మీద ‘మనుషుల వాడకానికి కాదు’ అని ఇంగ్లీషులో రాసుంది. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు, కొడతారని భయం. వాడు చెప్పేది నిజమేనా? – ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: అమ్మా, మీవాడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. అమ్మినవాడు తనకు చెప్పిందే వాడు మీకు చెప్పి ఉంటాడు. కానీ ఆ కవరులో ఏముందో మీవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

ముందు ఆ లిస్టు సంగతి చూద్దాం. మన దేశంలో మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. పోలీసులు ఎన్‌డీపీఎస్ అనేది దాన్నే. ఆ చట్టం చివర ఒక షెడ్యూలు ఉంటుంది, అందులో మందుల పేర్లు వరసగా ఉంటాయి. పేరు ఉంటే దగ్గర పెట్టుకున్నా నేరమే. పేరు లేకపోతే ఆ చట్టం కింద పట్టుకోవడం కష్టం. మెఫెడ్రోన్ అని ఒక పొడి ఉంది, ముంబైలో ‘ఎండీ’, ‘మ్యావ్ మ్యావ్’ అని అమ్మేవారు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని షెడ్యూలులో చేర్చింది. అప్పటిదాకా కాలేజీ పిల్లలకు అమ్మేవాళ్లను ఆ చట్టం కింద లోపల వేయడానికి దారి లేదు. ఇప్పుడు అదే పొడి 50 గ్రాములకు మించి దొరికితే చట్టం దాన్ని ‘వాణిజ్య పరిమాణం’ అంటుంది, కనీసం పదేళ్ల జైలు. ఆ ఏడాది జనవరిలో ఉన్న పొడీ మార్చిలో ఉన్న పొడీ ఒకటే. గుండె దడ, ఒళ్లు కాలిపోవడం, నిద్ర లేకుండా భ్రమల్లోకి జారడం, అన్నీ జనవరిలోనూ ఉన్నాయి. లిస్టులో లేదంటే ప్రభుత్వం ఇంకా పేరు రాయలేదని మాత్రమే అర్థమమ్మా. పరీక్షించి మంచిదని తేల్చినట్టు కాదు.

నా ఉద్యోగంలో మెడికల్ షాపుల నుంచి మాత్రలు శాంపిల్ తీసి ల్యాబుకు పంపేవాణ్ణి. పారాసిటమాల్ 500 అని రాసి ఉంటే, అందులో రాసినదానికి నూటికి 95 నుంచి 105 పాళ్ల లోపలే మందు ఉండాలి. తేడా వస్తే ఆ బ్యాచ్ వెనక్కి పోవాలి, కంపెనీ మీద కేసు. జ్వరం మాత్రకే ఇంత పట్టింపు. మీరు చూసిన కవరుకు బ్యాచ్ నంబరు ఉందా, తయారీ తేదీ ఉందా, ఎన్ని మిల్లీగ్రాములు మింగితే ఏమవుతుందో చూసినవాళ్లెవరైనా ఉన్నారా? ‘మనుషుల వాడకానికి కాదు’ అనే మాట మీవాడిని కాపాడటానికి రాయలేదమ్మా. రేపు ఎవరికైనా ఏమైనా అయితే కోర్టులో తాము తప్పించుకోవడానికి అమ్మేవాళ్లు రాసుకున్నారు.

పైగా ఒకటని చెప్పి ఇంకొకటి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలు. భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ అని అమ్మిన కాగితం ముక్కల్లో ఎన్‌బీఓఎం అనే వేరే రసాయనం ఉండి, అవి నాలుక మీద పెట్టుకున్నవాళ్లు చనిపోయిన కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి. పార్టీల్లో వాడే ఎక్స్‌టసీ (ఎండీఎంఏ) మాత్ర పేరుతో పీఎంఏ అనేదాన్ని అమ్ముతారు. అది ఆలస్యంగా పనిచేస్తుంది. ‘ఏమీ ఎక్కలేదే’ అని ఇంకో మాత్ర వేసుకుంటారు, తర్వాత రెండూ కలిసి ఒంటి వేడిని పెంచేస్తాయి. అలా చనిపోయిన వాళ్లలో ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలూ ఉన్నారు. నాకూ మనవళ్లున్నారు, ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి ఆడటం లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ కవరు మీది పేరు ఫోటో తీసి ఉంచుకోండి. కవరును మాత్రం ఇంట్లో దాచొద్దు, వాడు తిరిగి తీసుకెళ్లడానికి ఒప్పుకోవద్దు. బస్సులో తనిఖీ జరిగి, లోపల ఉన్నది షెడ్యూలులోదే అని తేలితే ‘లిస్టులో లేదనుకున్నా’ అనే మాట వాణ్ణి కాపాడదు. 14446 అని కేంద్ర ప్రభుత్వ నంబరు ఉంది, మత్తు మాన్పించడానికి సలహా ఇస్తారు, డబ్బులు పడవు. ముందు మీరొక్కరే మాట్లాడండి. తర్వాత అనంతపురం పెద్దాసుపత్రి మానసిక విభాగానికి వాడితో కలిసి వెళ్లండి. వాళ్ల నాన్నకు కూడా చెప్పక తప్పదు, ఎన్నాళ్లు దాస్తారు? అయితే డాక్టర్‌ను కలిసి వచ్చాక చెప్పండి. ‘ఇలా జరిగింది, ఇలా చూపించుకున్నాం’ అని చెబితే చెయ్యి లేవడం తగ్గుతుంది. కొట్టడం వల్ల అలవాటు మానినవాణ్ణి నేను చూడలేదు. ఇల్లు వదిలిపోయినవాళ్లను చూశాను.

ప్రశ్న: అయ్యా, మత్తుమందులు రోజుకో పేరుతో పుడుతున్నాయి. పేర్లు ఒక్కొక్కటీ రాసుకుంటూ కూర్చోవడం ఎందుకు? ‘మత్తు కలిగించే ప్రతి పదార్థం నిషేధం’ అని ఒక్క జీవో ఇస్తే సరిపోదా? – రిటైర్డ్ హెడ్మాస్టరు, కర్నూలు

జవాబు: మాస్టారూ, ఇదే మాట నేను సర్వీసులో ఎన్నోసార్లు అన్నాను. ఇప్పటికీ సగం దాని మీదే నిలబడతాను. మిగతా సగం ఎందుకు మార్చుకున్నానో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మొదటిది, రాష్ట్రం జీవోతో ఇది కాదు. షెడ్యూలులో పేరు చేర్చే అధికారం చట్టం కేంద్రానికి ఇచ్చింది. అంతర్జాతీయంగా కూడా ఒక పద్ధతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక మందును పరిశీలించి సిఫారసు చేస్తారు, వియన్నాలో ఐక్యరాజ్యసమితి మత్తుమందుల కమిషన్ ఓటు వేస్తుంది, తర్వాత ఆయా దేశాలు తమ లిస్టులు మార్చుకుంటాయి. ఇదంతా నెలలు, సంవత్సరాల పని. ఈలోగా తయారీదారుడు ఆ రసాయనంలో ఒక కొస మార్చి కొత్తది తెస్తాడు. మత్తు అదే, పేరు వేరు. ఇలా ప్రపంచమంతా కలిపి ఇప్పటిదాకా ఐక్యరాజ్యసమితికి అందిన కొత్త పదార్థాలు వెయ్యి దాటాయి.

మీరడిగిన ‘మొత్తం నిషేధం’ బ్రిటన్ చేసి చూసింది. 2016లో చట్టం తెచ్చి, మెదడు మీద పనిచేసే ఏ పదార్థాన్నీ మత్తు కోసం అమ్మకూడదన్నారు. కాఫీ, మద్యం, పొగాకు, మందులు, తిండి పదార్థాలను మినహాయించాల్సి వచ్చింది, లేకపోతే టీ బంకు కూడా మూసేయాలి. ఫలితం? బజారులో బహిరంగంగా అమ్మే దుకాణాలు దాదాపు మాయమయ్యాయి. అది చిన్న సంగతి కాదు, పదహారేళ్ల పిల్లవాడు బడి నుంచి వస్తూ షాపులో కొనుక్కునే రోజులు పోయాయి. కానీ వ్యాపారం వీధి దళారుల చేతికి వెళ్లింది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లలో స్పైస్ అనే కృత్రిమ గంజాయి వాడకం పోలేదు. రెండేళ్ల తర్వాత అక్కడి హోం శాఖ వేయించిన సమీక్షే ఈ మాట చెప్పింది.

న్యూజిలాండ్ దీనికి ఎదురు దారిలో వెళ్లింది. 2013లో ‘ప్రమాదం తక్కువని మీరే నిరూపించండి, అప్పుడు అమ్ముకోనిస్తాం’ అని తయారీదారులకు చెప్పింది. వినడానికి న్యాయంగా ఉంది, మందుల కంపెనీలకు మనం పెట్టే నియమమే అది. అయితే నిరూపణ వచ్చేలోగా కొన్ని సరుకులకు తాత్కాలిక అనుమతి ఇచ్చారు. జనం ఆసుపత్రుల పాలవుతున్నారని గొడవ రేగి, 2014 మేలో ఆ అనుమతులన్నీ రద్దు చేశారు. జంతువుల మీద చేసిన పరీక్షలు సాక్ష్యంగా చెల్లవన్నారు. ఆ తర్వాత ఒక్క సరుకూ పాస్ కాలేదు.

నన్ను ఆలోచింపజేసింది మన దేశంలో మార్ఫిన్ అనే నొప్పి మందుకు జరిగింది. 1985 చట్టం వచ్చాక దాని లైసెన్సులు ఎంత చిక్కుగా ఉండేవంటే, ఆసుపత్రులు, షాపులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఇవ్వడానికి మాత్ర దొరకదు. మన జిల్లాల నుంచి ఎంతమంది కిద్వాయ్ ఆసుపత్రికి బెంగళూరు బస్సెక్కేవారో మీకూ తెలుసు. అక్కడ రాసిచ్చిన మాత్రలు అయిపోతే ఇక్కడ దొరక్క, మా ఆఫీసుకు వచ్చి ‘ఏదో ఒకటి చేయండి సార్’ అని నిలబడ్డ కొడుకులు నాకు గుర్తున్నారు. 2014లో చట్టాన్ని సవరించి ‘అత్యవసర నార్కోటిక్ మందులు’ అని వేరు చేసి నియమాలు సడలించారు. దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ‘అన్నీ నిషేధం’ అన్నప్పుడు ఆ వల దొంగ మీద ఒక్కడి మీదే పడదు మాస్టారూ.

అందుకని నేను కోరేది మధ్య దారి. ఒక్కో పేరు కాకుండా ఒక్కో కుటుంబాన్ని షెడ్యూలులో రాయాలి. ఫలానా రసాయన నిర్మాణం ఉన్నవన్నీ, కొస మార్చినా సరే, నిషేధమే అనాలి. చైనా 2019లో నల్లమందులా పనిచేసే చాలా బలమైన ఫెంటనిల్ కుటుంబానికి, 2021లో కృత్రిమ గంజాయి రసాయనాలకు అలాగే చేసింది. పరిశోధనకు, వైద్యానికి దారి వదిలిపెట్టి ఇది మనమూ చేయవచ్చు.

రెండో కోరిక ఇంకా ముఖ్యం. పట్టుబడ్డ పొడిలో ఏముందో తేల్చిన ల్యాబ్ రిపోర్టు కోర్టు ఫైలులోకి వెళుతుంది. నేను పనిచేసినన్నాళ్లూ అది పక్కనే ఉన్న ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లడం చూడలేదు. ప్రెస్ మీట్‌లో ముసుగులు వేసిన కుర్రాళ్లను, పొట్లాలను చూపిస్తారు. ‘ఈ జిల్లాలో ఎండీఎంఏ అని అమ్ముతున్నది నిజానికి ఫలానాది, తింటే ఇలా అవుతుంది, ఇలాంటి కేసు వస్తే ఇలా చూడండి’ అని డాక్టర్లకు, కాలేజీలకు వారంలోపల తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి. యూరప్‌లో 1997 నుంచి ఇలాంటి ముందస్తు హెచ్చరిక వ్యవస్థ నడుస్తోంది. మన దగ్గర జిల్లాకు ఒక పెద్దాసుపత్రి ఉంది, ఫోరెన్సిక్ ల్యాబులున్నాయి, ప్రతి డాక్టరు చేతిలో వాట్సాప్ ఉంది. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఎవరో ఒక అధికారి పట్టుబట్టి చేయాలి.

ప్రశ్న: మందు తాగి చచ్చేవాళ్లు ఎక్కువా, ఈ డ్రగ్స్ వల్ల చచ్చేవాళ్లు ఎక్కువా? బ్రాందీ షాపులకు లైసెన్సులిచ్చి, వీటిని మాత్రం ఎందుకు పట్టుకుంటారు? – ఆటో డ్రైవరు, హిందూపురం

జవాబు: తమ్ముడూ, లెక్క నీవైపే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు. చట్టాలు హాని ఎంత అని తూచి రాసినవి కావు, చరిత్ర, ఆదాయం, అలవాటు అన్నీ కలిసి రాసినవి. అయినా ఒక తేడా ఉంది. సీసా మీద ఎంత శాతం ఆల్కహాలో రాసి ఉంటుంది. పొడిలో ఎంత ఉందో ఎక్కడా రాయరు. ఫెంటనిల్ లాంటివైతే రెండు మిల్లీగ్రాములే మనిషిని చంపగలవు, అంటే గోటి చివర నిలిచే కొన్ని ఉప్పు రవ్వలంత. మద్యం మంచిదని ఈ మాటకు అర్థం తీసుకోవద్దు. మనసులో ఉన్నది అడిగావు, సంతోషం.

ప్రశ్న: మా క్లాసులో కొందరు వేప్ తాగుతున్నారు. సిగరెట్ కంటే నయమని, పొగాకు కూడా ఉండదని అంటారు. హాస్టల్ బాత్రూములో మామిడిపండు వాసన వస్తుంటుంది. వార్డెన్‌కు చెప్పాలా? – డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: అమ్మాయీ, మన దేశంలో 2019 నుంచి వేప్‌ల, అంటే ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి అమ్ముతూ దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తాగినవాళ్లకు ఆ చట్టంలో శిక్ష లేదు. చట్టబద్ధంగా అమ్మేవాడే లేడు కాబట్టి, మీ క్లాసుకు వచ్చేదంతా దొంగ సరుకే. లోపలి ద్రవంలో నికోటిన్ ఎంతో, ఇంకేం కలిపారో చూసేవాళ్లు లేరు. ఇంగ్లండ్‌లో బడిపిల్లల దగ్గర గుంజుకున్న వేప్‌లను బాత్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి, ఆరింట ఒకదానిలో స్పైస్ ఉందని 2024లో చెప్పారు. స్పైస్ అంటే కృత్రిమ గంజాయి రసాయనం. గంజాయి మెదడులో ఏ తలుపు తడుతుందో అదే తలుపును ఇది బద్దలు కొడుతుంది. ఫిట్స్ వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, పిచ్చి పట్టినట్టు అవుతుంది. మామూలు గంజాయి మూత్ర పరీక్షలో ఇది కనపడకపోవడంతో డాక్టర్లు కూడా తికమకపడతారు.

వార్డెన్‌కు చెప్పే ముందు, తాగే అమ్మాయిలతో నీకు చనువుంటే పైన రాసిన ముక్క చూపించు. మానేస్తామంటే సాయం చెయ్యి. ఒకరు అమ్ముతూ మిగతావాళ్లకు అంటిస్తుంటే మాత్రం తప్పకుండా చెప్పు. అది చాడీ కాదు.

ప్రశ్న: నాది చిన్న మెడికల్ షాపు. సాయంత్రమైతే కుర్రాళ్లు వచ్చి ట్రమడాల్, అల్‌ప్రజోలం అడుగుతారు. చీటీ లేదంటే బెదిరిస్తారు. పక్క షాపులో ఇస్తున్నారట. ఏం చేయమంటారు? – తాడిపత్రి

జవాబు: ఇవ్వకండి. పక్క షాపు మీద మీ మనసు పెట్టుకోవద్దు. ట్రమడాల్ నొప్పి మందు, అల్‌ప్రజోలం ఆందోళనకు ఇచ్చే మందు. ఈ రెండూ షెడ్యూల్ హెచ్-1, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు, రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో రాసి మూడేళ్లు ఉంచాలి. 2018లో ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ షెడ్యూలులోకి తెచ్చారు, అల్‌ప్రజోలం అంతకు ముందు నుంచే ఉంది. చీటీ లేకుండా ఇస్తే లైసెన్సు పోవడంతో ఆగదు, జైలు కేసు కూడా పడొచ్చు.

ఒక మాట ఆ కుర్రాళ్ల కోసం కూడా. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అల్‌ప్రజోలం చాన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో కల్తీ కల్లు దొరకని రోజు మనుషులు వణికిపోయి పిచ్చిగా మాట్లాడటం పెద్దవాళ్లు చూసే ఉంటారు, ఆ కల్లులో ఎక్కువగా కలిపేది అల్‌ప్రజోలం జాతి మందులనే. అందుకే రోజూ వచ్చేవాణ్ణి తరిమేసి ఊరుకోకుండా, ‘ఒక్కసారిగా మానకు, డాక్టర్ దగ్గరికి పో, తగ్గిస్తూ మాన్పిస్తారు’ అని ఒక్క మాట చెప్పండి. బెదిరింపులకు దిగితే రాష్ట్రంలో మత్తుమందుల కేసులు చూసే ఈగల్ పోలీసు విభాగం నంబరు 1972 ఉంది. షాపులో కెమెరా పెట్టించండి.

ప్రశ్న: పోయిన నెల ఒక పార్టీలో మా ఫ్రెండు ఏదో మాత్ర వేసుకుని పడిపోయాడు. పోలీసు కేసవుతుందని టెన్షన్‌తో ఆసుపత్రికి తీసుకెళ్లలేదు, మజ్జిగ, నిమ్మరసం తాగించాం. తెల్లారికి లేచాడు. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి? – ఒక యువకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నాయనా, మీవాడు లేచాడు కాబట్టి ఈ ఉత్తరం రాయగలిగావు. స్పృహలేని మనిషి నోట్లో మజ్జిగ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాంతోనే చనిపోవచ్చు. ఏదీ తాగించొద్దు, వాంతి చేయించొద్దు, చన్నీళ్ల స్నానం చేయించొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయితే బయటికి పోతుంది. ఊపిరి చూస్తూ ఉండండి. ఒళ్లు కాలిపోతుంటే చొక్కా విప్పి తడిగుడ్డతో తుడవండి, గాలి తగలనివ్వండి. ఫిట్స్ వస్తే చేతులూ కాళ్లూ నొక్కిపట్టొద్దు, నోట్లో తాళాలూ చెంచాలూ పెట్టొద్దు. ఇవన్నీ 108కి ఫోన్ చేశాక, అంబులెన్సు వచ్చేలోగా చేసే పనులు. ఎండీఎంఏ వేసుకుని తెలివిగా ఉన్నవాడికి కూడా నీళ్లు బిందెలకు బిందెలు తాగించొద్దు. రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాచి చనిపోయినవాళ్లున్నారు.

కేసు సంగతి దాచకుండా చెబుతాను. ఆసుపత్రి వాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు. కానీ పడిపోయిన స్నేహితుణ్ణి ఆసుపత్రిలో చేర్చడం ఏ చట్టంలోనూ నేరం కాదు. వాడినవాడికి ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ కింద, మందును బట్టి, ఆరు నెలలు లేదా ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే చట్టంలో 64-ఏ సెక్షన్ కూడా ఉంది. వాడకం కేసు గానీ, కొద్ది పరిమాణం దొరికిన కేసు గానీ ఉన్న అలవాటుపడిన మనిషి, తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు వచ్చి, దాన్ని పూర్తిచేస్తే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. ఈ సెక్షన్ తెలియకనే చాలామంది తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు. నీ స్నేహితులందరికీ చెప్పు.

డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పొద్దు. ‘ఎండకు పడిపోయాడు’ అంటే ఎండదెబ్బ వైద్యం చేస్తారు, ఆ గంట వృథా అవుతుంది. ఏం వేసుకున్నాడు, ఎన్ని, ఎన్ని గంటలకు, మద్యం కూడా తాగాడా, అంతకు ముందు ఇంకేమైనా మందులు వాడుతున్నాడా, ఇవి చెప్పు. మాత్ర పేరు తెలియకపోతే తెలియదనే చెప్పు, రంగు, దాని మీది గుర్తు, కవరు ఫోటో ఉంటే చూపించు. మత్తు నల్లమందు జాతిదైతే నాలోక్సోన్ ఇంజెక్షన్‌తో ఆగిపోతున్న ఊపిరి తిరిగి వస్తుంది. వెంటనే గుర్తుపట్టి ఇవ్వాలంటే నువ్వు చెప్పే వివరాలే డాక్టరుకు ఆధారం.